రోటరీ వారపు సమావేశాలను నెలకు రెండుకు తగ్గించాలా?

మంగళవారం_మందులు
నాది మందుల దుకాణం. నిరుడు జులైలో మా ఊరి రోటరీ క్లబ్బులో చేరాను. సమావేశం ప్రతి మంగళవారం రాత్రి ఏడున్నరకు. దుకాణంలో గిరాకీ ఎక్కువగా ఉండే వేళ అది. అయినా తమ్ముడికి అప్పగించి వెళ్తున్నాను. వెళ్లాక జరిగేది ఇది. ఎనిమిదింటికి ప్రెసిడెంట్ గంట కొడతారు. ప్రార్థన, ఫోర్ వే టెస్ట్ (రోటరీ సభ్యులు తమను తాము వేసుకునే నాలుగు ప్రశ్నలు), ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, పుష్పగుచ్ఛాలు, ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు, వాటికి కేకులు, పక్క ఊరి క్లబ్బు నుంచి వచ్చినవారికి శాలువాలు. అతిథి మైకు అందుకునేసరికి తొమ్మిది దాటుతుంది.

మొన్న ఒక కిడ్నీ డాక్టర్ గారు వచ్చారు. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్లు మింగితే కిడ్నీలు ఎలా దెబ్బతింటాయో చెప్పడం మొదలుపెట్టారు. చీటీ లేకుండా వచ్చి అవే మాత్రలు అడిగేవారిని నేను రోజూ చూస్తున్నాను. మా ఊళ్లో ప్రతి ఇంటికీ చేరాల్సిన మాట అది. పావుగంట కూడా కాకముందే ‘సమయాభావం’ అని రాసిన చీటీ ఆమె ముందు పెట్టారు. చాలా బాధ వేసింది.

నెలకు రెండు సమావేశాలు చాలని ఇప్పుడు బోర్డులో ప్రతిపాదన వచ్చింది. పాతవారు ససేమిరా అంటున్నారు. నేను రెండుకే ఒప్పుకుందామని అనుకుంటున్నాను. మీ క్లబ్బుల్లో ఎలా ఉంది?

గోదావరి_గట్టు
రెండు చాలు. మా దగ్గర కొన్నేళ్లుగా రెండే. ఏ కొంపా మునగలేదు. హాజరు కూడా పెరిగింది.

పాత_కార్యదర్శి
గట్టు గారూ, హాజరు పెరిగింది సరే, పనులు పెరిగాయా?

ముందు నియమం సంగతి చెబుతాను. 2016 వరకు వారం వారం కలవడం తప్పనిసరి. ప్రతి సభ్యుడూ ఆరు నెలల్లో కనీసం సగం సమావేశాలకు రావాలి. వరుసగా నాలుగు తప్పితే సభ్యత్వమే పోవచ్చు. పని మీద ఊరు దాటి వెళ్తే అక్కడి క్లబ్బులో కూర్చుని, తప్పిన హాజరుకు బదులుగా ‘మేకప్’ కాగితం తెచ్చుకునేవాళ్లం. ఆ ఏడాది రోటరీ నియమాలు మార్చే సభ, కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్, ఆ పట్టు సడలించింది. నెలకు కనీసం రెండు ఉంటే చాలు, మిగతాది క్లబ్బు ఇష్టం అంది. కాబట్టి మీ బోర్డు ప్రతిపాదనలో నియమ విరుద్ధం ఏమీ లేదు.

అయినా నా ఓటు వారానికే. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ ఒక ఆఫీసు గదిలో కూర్చున్నప్పుడు వారికి సేవ ఆలోచనే లేదు. పెద్ద నగరంలో తెలిసినవాళ్లు కావాలనుకున్నారు, అంతే. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకున్నారు. ఆ తర్వాతే నగరంలో జనానికి మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టారు. ముందు స్నేహం, దానిలోంచి పని. స్నేహానికి తరచుగా కలవడమే దారి.

నా అనుభవంలో పల్స్ పోలియో రోజులు దీనికి సాక్ష్యం. ఆదివారం బూత్, తర్వాతి రోజుల్లో ఇంటింటికీ తిరగడం. ఎవరి బూత్ ఎవరిది, ఐస్ ప్యాకులు ఎవరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించాలి, ఇటుకబట్టీల దగ్గర గుడిసెల్లో ఉండే కుటుంబాల దగ్గరికి ఎవరు వెళ్లాలి అన్నీ వారపు సమావేశంలోనే తేలేవి. టీకా సీసా మీద చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలితే అది నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పక్కన పెట్టేయాలి. ఆ తేడా మా సభ్యులందరికీ ఒక ఆరోగ్య కార్యకర్త వచ్చి సమావేశంలోనే చూపించింది. రోటరీ ఆ పని 1985లో తలకెత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అన్నేళ్లు పట్టు వదలకుండా జనాన్ని కూడగట్టడం నెలకు రెండు భోజనాలతో అయ్యే పని కాదు.

లెక్కల_పంతులు
కార్యదర్శి గారు చెప్పిన ఆ షికాగో పెద్దలు మొదట్లో కలుసుకున్నది పదిహేను రోజులకు ఒకసారి! ఆ చరిత్రను వారపు సమావేశానికి సాక్ష్యంగా తేవడం కుదరదు.

ఖర్చు కూడా చూద్దాం. నలభై మంది సభ్యులు, మనిషికి రూ. 250 భోజనం, ఏడాదికి 50 సమావేశాలు. అక్షరాలా ఐదు లక్షలు. హాలు అద్దె, పూలు, శాలువాలు వేరు. ఒక ప్రభుత్వ పాఠశాలలో మరుగుదొడ్లు బాగుచేయించి, వాటిని రోజూ శుభ్రం చేసే మనిషికి జీతం ఇవ్వడానికి ఆ డబ్బు సరిపోతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

పాత_కార్యదర్శి
పంతులు గారూ, పదిహేను రోజుల మాట నిజమే. కానీ తర్వాత వారానికి మారింది కూడా వాళ్లే కదా.

భోజనం డబ్బు సేవా నిధిలోది కాదు. సభ్యుడు తన రుసుములో కట్టుకున్నది. రెండు ఖాతాలూ వేరు, కలపకూడదు కూడా. మానేసినంత మాత్రాన ఆ ఐదు లక్షలు బడికి వెళ్తాయన్న హామీ ఎవరిస్తారు?

లెక్కల_పంతులు
ఖాతాలు వేరని నాకూ తెలుసు, మా క్లబ్బు ట్రెజరర్‌ని నేనే. కానీ జేబు ఒకటే. విందుకు రుసుము పెంచిన ఏడాది సేవా నిధికి ఎవరూ చేయి విదల్చరు. చాలా ఏళ్ల పుస్తకాలు తిరగేసి చెబుతున్న మాట.

ఓరుగల్లు_వేణి
నాలుగా రెండా అన్న గొడవలో అసలు సంగతి మరుగున పడుతోంది. రాత్రి ఏడున్నరకు మొదలై పదింటికి భోజనంతో ముగిసే సమావేశానికి ఏ ఆడది వస్తుంది? రోటరీ 1989లోనే స్త్రీలకు సభ్యత్వం ఇచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఊళ్లలో మేము ‘ఆన్స్’గానే, అంటే సభ్యుల భార్యలుగానే మిగిలిపోయాం. దీపం వెలిగించడానికి పిలుస్తారు, బడ్జెట్ చర్చకు పిలవరు.

నేను లాయర్‌ని. మా క్లబ్బులో ఆడవాళ్లం నలుగురం చేరగానే వేళ మార్చమని పట్టుబట్టాం. ఇప్పుడు గురువారం సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర వరకు. ఒక పాఠశాల గ్రంథాలయంలో కూర్చుంటాం. టీ, బిస్కెట్లు, అంతే. ఏడున్నరకు గంట కొడితే మధ్యలో ఉన్న వాక్యం కూడా ఆగిపోవాలి. వారం వారం జరుగుతుంది, హాజరు బాగుంటుంది. మంగళవారం గారూ, మీ సమస్య సమావేశాల సంఖ్యది కాదు, వాటి తీరుది. నెలకు రెండు చేసినా ఆ రెండింటిలోనూ శాలువాలే ఉంటాయి.

బురుజు_కింద
కర్నూలు నుంచి నా వంతు. మా దగ్గర అతిథిని పరిచయం చేసే పెద్దాయన అతిథి కన్నా ఎక్కువసేపు మాట్లాడేవారు. ఆ అతిథి చదువుకున్న బడి, ఆ బడి హెడ్మాస్టరు, ఆయన అల్లుడు, అన్నీ వచ్చేవి. ఒకసారి అతిథే లేచి ‘ఇక నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు’ అని నవ్వుతూ కూర్చున్నారు. అప్పటి నుంచి పరిచయం ఐదు వాక్యాలు, కాగితం మీద రాసుకొచ్చి చదవాలి. పెద్దాయన మొదట అలిగారు గానీ ఇప్పుడు ఆ ఐదు వాక్యాలూ ముత్యాల్లా రాస్తున్నారు.

గోదావరి_గట్టు
వేణి గారి పద్ధతి బాగుంది. కానీ ఆరున్నరకు నా బట్టల కొట్టు వదిలి రావాలంటే కుదరదు. మా క్లబ్బులో సగం మంది వ్యాపారులే.

ఓరుగల్లు_వేణి
అయితే పొద్దున ఏడింటికి పెట్టుకోండి. ఇడ్లీ తిని వెళ్లి కొట్టు తెరవచ్చు. ఆ వేళకు శాలువాలు కప్పే ఉత్సాహం కూడా ఎవరికీ ఉండదు.

విశాఖ_అల
నేను లయన్స్ క్లబ్బు వైపు మనిషిని, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు మామూలుగా నెలకు రెండే సమావేశాలు. వాటితోనే దశాబ్దాలుగా కంటి శిబిరాలు నడుస్తున్నాయి. 1925లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మా మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగినప్పటి నుంచి అది మా ప్రధానమైన పని. కాబట్టి రెండుతో పనులు కావని కార్యదర్శి గారు అనడం నేను ఒప్పుకోను.

పనిని నిలబెట్టేది సమావేశం కాదు, రెండు సమావేశాల మధ్య ఎవరు ఏం చేస్తున్నారన్నదే. ఒక శిబిరం తీరు చెబుతాను. ఆదివారం బడి వరండాలో పరీక్షలు. ఒక బల్ల దగ్గర పేరు, వయసు, ఊరు, ఇంట్లో ఎవరిదైనా ఫోను నంబరు. రెండో బల్ల దగ్గర గోడకు అక్షరాల బోర్డు, అక్షరాలు రానివారికి ఇంగ్లిష్ ‘E’ గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించమనడం. మూడో బల్ల దగ్గర టార్చితో శుక్లం చూస్తారు. తర్వాత బీపీ, షుగరు. శస్త్రచికిత్స బడిలోనో గుడారంలోనో చేయకూడదు. శుక్లం ఉన్నవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మర్నాడు కట్టు విప్పుతారు, నల్లద్దాలు ఇస్తారు, చుక్కల మందు చేతిలో పెడతారు. ఫోటో అక్కడితో అయిపోతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

ఆ చుక్కలు కొన్ని వారాలు వేసుకోవాలి. ఒంటరిగా ఉండే ముసలమ్మకు ఎవరు వేస్తారు? మా శిబిరంలో ఒక అవ్వ చుక్కలు కంట్లో పడక రెప్ప మీదనే పోసుకుంటోందని మా సభ్యుడు ఇంటికి వెళ్లి చూసేదాకా ఎవరికీ తెలియదు. సీసా పట్టుకునే చేయి వణుకుతోంది. పక్కింటి ఇంటర్ అమ్మాయికి చేతులు కడుక్కోవడం, కింది రెప్ప కొంచెం లాగి చుక్క వేయడం నేర్పించాం. నెల దాటాక అద్దాలకు మళ్లీ తీసుకెళ్లాం. ఇప్పుడు శిబిరం పెట్టిన ప్రతిసారీ పదిమంది రోగులకు ఒక సభ్యుడు బాధ్యుడు. అతడు తిరిగాడా లేదా అని అడగడానికి సమావేశం అక్కర్లేదు, ఒక ఫోను చాలు.

పాత_కార్యదర్శి
అల గారూ, ఆ అవ్వ సంగతి చదివాక మీ మాట కాదనడం కష్టం. కానీ ఫోను చేసి అడిగే మనిషి మీ క్లబ్బులో ఉన్నారు. లేని క్లబ్బుల మాట ఏమిటి? పదిమంది ముందు లేచి నిలబడి ‘నా పదిమందిలో ఇద్దరి ఇంటికి ఇంకా వెళ్లలేదు’ అని చెప్పాల్సి వస్తుందంటే, ఆ భయానికైనా సోమవారం సాయంత్రం వెళ్లి వస్తారు. వారపు సమావేశంలో నాకు నచ్చేది అదే.

ఓ_నెగెటివ్
రక్తదానం చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే వారపు సమావేశానికే నా మద్దతు. ఎందుకో వివరంగా రాస్తాను, దీని మీద నాకు చాలా కోపం ఉంది.

మా ప్రాంతంలో ఒక నాయకుడి పుట్టినరోజుకు భారీ రక్తదాన శిబిరం పెట్టారు. బారులు తీరారు. బ్లడ్ బ్యాంకులో పెట్టడానికి చోటు లేనంత రక్తం ఒక్కరోజే వచ్చింది. ఎర్రకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. ఆ గడువు దాటినవి పారబోయాల్సిందే. ఇచ్చినవాళ్లు మళ్లీ మూడు నెలల దాకా ఇవ్వలేరు. ఎండాకాలం మధ్యలో అదే బ్లడ్ బ్యాంకు ముందు తలసేమియా పిల్లల తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. వాళ్లకు పండగ లేదు, పరీక్షల కాలం లేదు, కాలేజీలకు సెలవులని ఆగదు.

అందుకే మా క్లబ్బు పెద్ద శిబిరాలు మానేసింది. ఒక పట్టిక పెట్టుకున్నాం. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. ప్రతి సమావేశంలో వచ్చే వారం ఎవరి వంతో చదువుతాం. ‘నాకు జ్వరం తగ్గి వారమే అయింది’ అని ఒకరంటే మరొకరు చేయి ఎత్తుతారు. నెలకు రెండుసార్లు కలిస్తే మధ్య వారాలు ఖాళీ పడతాయి. ఫోను గ్రూపులో అడిగి చూశాం. దండం బొమ్మలు వస్తాయి, మనుషులు రారు.

రోటరాక్ట్_రవ్వ
ఓ నెగెటివ్ సార్, నేను రోటరాక్ట్‌లో, అంటే రోటరీ యువజన విభాగంలో ఉన్నాను. హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువని నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు. మా హాస్టల్లో చాలామంది అమ్మాయిలది ఇదే కథ. మీ వేదిక మీద మాకు రక్తహీనత గురించి ఒక అరగంట చెప్పించండి. రక్తం ఇవ్వండని అడిగేవాళ్లే గానీ, ఇచ్చే స్థితికి రావడానికి ఏం తినాలో చెప్పేవాళ్లు లేరు.

ఓ_నెగెటివ్
తప్పకుండా. చాలా మంచి మాట చెప్పావమ్మా. వైద్య కళాశాలలో తెలిసిన మేడం ఉన్నారు, అడుగుతాను. ఈలోగా ఆకుకూరలు తింటే సరిపోతుందని ఊరుకోకుండా ఒకసారి డాక్టర్‌కి చూపించుకో.

డల్లాస్_తెలుగు
ఇక్కడ నేను వెళ్లే క్లబ్బు వారానికి ఒక మధ్యాహ్నం కలుస్తుంది. పన్నెండుకు గంట, ఒంటిగంటకు గంట. ఎవరి భోజనానికి వారే డబ్బు కడతారు, వద్దనుకునేవారు తినకుండా కూర్చుంటారు. అతిథికి శాలువా లేదు, చేయి కలిపి ధన్యవాదాలు చెబుతారు. కానీ ఒకటి చెప్పాలి. మన ఊళ్లలో సమావేశం అయ్యాక అరుగు మీద నిలబడి ఇంకో గంట మాట్లాడుకుంటారు చూడండి, అది ఇక్కడ లేదు. నిరుడు సెలవుల్లో మా సొంత ఊరి క్లబ్బుకు అతిథిగా వెళ్లినప్పుడు, అలాంటి కబుర్ల మధ్యే ఒక మంచినీటి పథకం మాట వచ్చింది. రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటుకు కనీసం 30,000 డాలర్ల పథకం ఉండాలి, వేరే దేశం క్లబ్బు ఒకటి తోడుండాలి. ఇప్పుడు రెండు క్లబ్బులూ కలిసి కాగితాలు తయారుచేస్తున్నాయి.

లెక్కల_పంతులు
డల్లాస్ గారూ, శుద్ధి యంత్రమేనా? అయితే ప్రారంభోత్సవం ఖర్చు కాదు, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) మార్చే ఖర్చు ముందుగా లెక్క వేయండి. బయటికి పోయే ఉప్పునీరు ఏ కాలువలోకి పంపాలో, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుందో పంచాయతీతో రాయించుకోండి. రిబ్బను కత్తిరించిన ఫోటో ఆఫీసు గోడ మీద ఉండి, యంత్రానికి తాళం పడిన ఊళ్లు చూశాను.

డల్లాస్_తెలుగు
నీటి యంత్రమే. బిందెకు ఇంత అని వసూలు చేసి, బ్యాంకులో విడి ఖాతాలో వేసే ఆలోచన ఉంది. మీ లెక్కల నమూనా ఒకటి పంపగలరా?

లెక్కల_పంతులు
పంపుతాను. ఆదివారం కూర్చుని రాస్తాను.

రోటరాక్ట్_రవ్వ
మా వయసువాళ్లం పెద్దల సమావేశాలకు ఎందుకు రామో చెప్పనా? వస్తే కుర్చీలు సర్దమంటారు, లేకపోతే వందన సమర్పణ చేయమంటారు. నెలలో ఒక సమావేశమైనా హాలులో కాకుండా పని జరిగే చోట పెట్టండి. ప్రభుత్వ బడిలోనో, వృద్ధాశ్రమంలోనో. గంట కొట్టండి, అరగంట మాట్లాడండి, మిగతా సమయం అక్కడే పని చేద్దాం. మేము మొక్కల చుట్టూ కంచె కట్టడానికి అలా వెళ్లాం. పెద్దవాళ్లు కూడా తీగ చుట్టారు. ఒక పెద్దాయన మాకు ముడి వేయడం నేర్పారు.

గోదావరి_గట్టు
ఇది నాకు నచ్చింది. మా రెండింటికి మూడోదిగా దీన్ని కలపవచ్చు.

లెక్కల_పంతులు
కలపండి, కానీ ఫోటోల దగ్గర జాగ్రత్త. ఒక నోటు పుస్తకాన్ని పదిమంది పెద్దలు పట్టుకుంటే దాని వెనక అందుకుంటున్న పిల్లాడు కనిపించడు. ఎండలో వరుసగా నిలబెట్టి, పుస్తకం ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుని ఇంకో కోణంలో ఇవ్వడం నా కళ్లారా చూశాను. ఆ పిల్లాడి ముఖం చూశాక మా బోర్డులో కొట్లాడాను. పుస్తకాలు ఇప్పుడు హెడ్మాస్టరుకు అప్పగించి రసీదు తీసుకుంటున్నాం. ప్రతి సమావేశంలో చదివే ఆ నాలుగు ప్రశ్నల్లో ఒకటి, సంబంధించిన అందరికీ న్యాయమేనా అని కదా. పిల్లాడు కూడా సంబంధించినవాడే.

పాత_కార్యదర్శి
పంతులు గారూ, ఈ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. 1932లో హెర్బర్ట్ టేలర్ ఆ ప్రశ్నలు రాసుకున్నది దివాలా అంచున ఉన్న తన కంపెనీని గట్టెక్కించడానికి. పైకి చదవడానికి కాదు, రోజూ నిర్ణయాలు తీసుకోవడానికి.

మంగళవారం_మందులు
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. రెండుకు ఓటు వేసే ఆలోచన మానుకున్నాను. ఓ నెగెటివ్ గారి పట్టిక, అల గారి పదిమందికి ఒకరు పద్ధతి, రెండూ బోర్డు ముందు పెడతాను. కానీ గంటలో ముగించాలంటే మావాళ్లు నమ్మరు. వేణి గారూ, మీ గురువారం ఎలా సాగుతుందో నిమిషాలతో సహా రాయగలరా?

ఓరుగల్లు_వేణి
ఆరున్నరకు గంట, జాతీయ గీతం. ఎవరికోసమూ ఆగం, ప్రెసిడెంట్ రాకపోతే రాబోయే ఏడాది ప్రెసిడెంట్ మొదలుపెడతారు. వేదిక లేదు, అందరం గుండ్రంగా కూర్చుంటాం, అందువల్ల వేదిక మీదికి పిలవడమే లేదు. ఐదు నిమిషాలు సెక్రటరీ పోయిన వారం ఒప్పుకున్న పనులు చదువుతారు. పూర్తయిందా, కాలేదా, అంతే, కారణాలు తర్వాత. పది నిమిషాలు కొత్త పనులు. ఆరూ నలభై ఐదు నుంచి అరగంట అతిథిది, అందులో చేయి పెట్టం. ఆ తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు. పుట్టినరోజులు చివరి ఐదు నిమిషాల్లో. కేకు లేదు, పుట్టినరోజు ఉన్నవారు గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇస్తారు. శాలువా బదులు కూడా పుస్తకమే.

మొదటి రెండు నెలలు గొడవ జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. కేకు తీసేసినందుకు ఒకాయన క్లబ్బే మానేస్తానన్నారు. మానలేదు.

బురుజు_కింద
మాకు గంట కొట్టే హక్కు కోసమే ప్రతి జులైలో పోటీ. గంట తీసేయమని మాత్రం ఎవరూ అనకండి.

ఓ_నెగెటివ్
మంగళవారం గారూ, చేరి ఇన్నాళ్లయింది కదా, మీ వృత్తి ప్రసంగం ఇచ్చారా? కొత్త సభ్యుడు తన పని గురించి క్లబ్బుకు చెప్పాలి, అది పాత ఆనవాయితీ.

మంగళవారం_మందులు
ఎవరూ అడగలేదు. అవకాశం ఇస్తే యాంటీబయాటిక్స్ గురించి చెబుతాను. ఐదు రోజులకు రాసిన మందు రెండు మాత్రలు కొనుక్కుని వెళ్లేవారు, పక్కింటివారికి పనిచేసిందని అదే అడిగేవారు రోజూ వస్తారు. కిడ్నీ డాక్టర్ గారిని కూడా మళ్లీ పిలిచి, ఆమె సగంలో ఆపిన మాట పూర్తిగా విందామని అడుగుతాను.

ఓరుగల్లు_వేణి
అది ముందు మా దగ్గర చెప్పండి. వచ్చే నెల రెండో గురువారం ఖాళీగా ఉంది. అరగంట మొత్తం మీదే. ఆరున్నరకు ఐదు నిమిషాల ముందే వచ్చేయండి.

మంగళవారం_మందులు
వస్తాను. చిరునామా విడిగా పంపండి.